కిడ్నీ ఇచ్చినవారి నొప్పికి మార్ఫినే దిక్కా?

కిడ్నీ దాత జబ్బుతో ఆస్పత్రికి రారు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి ఇంకొకరి కోసం కోతకు ఒప్పుకుంటారు. అలాంటివారి నొప్పి గురించి, ఆ నొప్పికి ఇచ్చే మందు పెట్టే ఇబ్బంది గురించి ఇంకాస్త ముందే పట్టించుకోవాల్సింది.

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీతో మార్పిడి నిలబడటం అదే మొదలు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు కిడ్నీ తీయాలంటే డొక్కలో పెద్ద కోతే. ఒక్కోసారి చివరి పక్కటెముకలో కొంత తీసేసేవారు కూడా. దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా పోటు. దానికి మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా నొప్పి మందులు, ఇచ్చేవారు.

ఐబుప్రొఫెన్, కెటొరోలాక్ వంటి వేరే రకం నొప్పి మందులు ఎందుకు వాడలేదంటే, కిడ్నీకి రక్తం సాఫీగా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అవి అడ్డుకుంటాయి. మిగిలింది ఒక్క కిడ్నీయే. డాక్టర్ల భయం సబబైనదే. కానీ దాని భారం దాత మీద పడింది. ఓపియాయిడ్లతో పేగులు మందగిస్తాయి. వికారం, మగత, మలబద్ధకం. పొట్ట ఉబ్బిన మనిషి ముక్కితే కుట్లు లాగేస్తాయి.

1995లో బాల్టిమోర్‌లో డాక్టర్లు లాయిడ్ రాట్నర్, లూయిస్ కవూసీ తొలిసారి లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి, దాత కిడ్నీ తీశారు. కోత చిన్నదైంది. అయితే పొట్టలోకి నింపే కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర డయాఫ్రమ్‌ను చికాకు పెట్టడంతో కొందరికి భుజం నొప్పి వస్తుంది. కోసింది పొట్ట, నొప్పి భుజంలో! ముందే చెప్పకపోతే దాత హడలిపోతారు.

మరుసటి ఏడాదే అమెరికాలో ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర మార్కెట్లోకి వచ్చింది. అక్కడ ఓపియాయిడ్ మాత్రలు విచ్చలవిడిగా రాయడం, అలవాటుపడి జనం చనిపోవడం తెలిసిందే. ఆపరేషన్ తర్వాత రాసే చీటీ కూడా ఆ ఊబికి ఒక దారి అయిందని వైద్యులు గుర్తించారు.

డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో చూపిన త్వరగా కోలుకునే పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. నొప్పి ముదిరే దాకా ఆగకుండా వేళకు పారాసెటమాల్ ఇస్తారు. మత్తు డాక్టరు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట గోడ కండరాల పొరల మధ్య నరాల దగ్గర మత్తుమందు ఎక్కిస్తారు. గ్యాస్ ఒత్తిడి తగ్గిస్తారు, త్వరగా లేపి నడిపిస్తారు. కెటొరోలాక్‌ను కొద్ది మోతాదులో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుంటూ వాడే చోట్లూ ఉన్నాయి. దీనిపై వాదన తెగలేదు.

నాకు అన్నింటికన్నా నచ్చిన మార్పు డిశ్చార్జ్ చీటీలో వచ్చింది. అందరికీ ఒకే లెక్కన ఓపియాయిడ్ మాత్రలు రాయకుండా, ఇంటికెళ్లే ముందు రోజు ఎన్ని అవసరమయ్యాయో చూసి రాస్తారు. ఒక్కటీ వేసుకోనివారికి ఒక్కటీ రాయరు. నొప్పి ఆగనివారికి మాత్రం ఇస్తారు.