ఫ్లైట్ లేటు మీద మావాళ్ళ అపోహలు, అసలు సంగతి

నేను వైజాగ్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్, సొంతూరు ఒడిశాలో రాయగడ. ఫ్లైట్ లేటైతే చాలు మా చుట్టాలంతా నన్నే నిలదీస్తారు.

అపోహ: "ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటే వెదర్ వల్ల లేటంటారేటి, అంతా అబద్ధం!"

అబద్ధం కాదు మావయ్యా. మీ విమానం మీకోసం పొద్దున్నుంచీ ఇక్కడ కాచుక్కూచోదు. అదే విమానం ఢిల్లీ నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి వైజాగ్, మళ్ళీ వెనక్కి, ఇలా రోజంతా ట్రిప్పులు కొడుతూనే ఉంటది. డిసెంబర్లో ఢిల్లీ పొగమంచుకి పొద్దున రెండు గంటలు ఆగిపోతే, ఆ లేటు చేబదులు తిప్పినట్టు సాయంత్రం దాకా ఊరూరూ తిరుగుతుంది.

అపోహ: "విమానం దిగాక మళ్ళీ లేచేలోపు అరగంట టైముందిగా, అందులో సర్దేయొచ్చు"

అసలు చిక్కంతా ఆ అరగంటలోనే ఉంది. ఏ320 రకం విమానంలో 180 మంది దాకా దిగాలి, క్లీనింగ్, ఫ్యూయల్, బ్యాగులు, వీల్‌చైర్లు, మళ్ళీ అంతమందీ ఎక్కాలి. ఒకాయన చెకిన్‌లో బ్యాగ్ ఇచ్చేసి గేటుకి రాలేదనుకోండి, ఆయన లేకుండా ఆ బ్యాగ్ వెళ్ళకూడదు, రూల్. పిలిచి పిలిచి ఇక లాభం లేదని లోడర్లు విమానం కింద సామాన్లుండే హోల్డ్‌లోకి దూరి ట్యాగులు చూసుకుంటూ ఒక్కోటీ లాగుతుంటారు, సరిగ్గా దొరికే టైముకి ఆ సారు చేతిలో కాఫీ కప్పుతో ప్రత్యక్షం! పావుగంట హుష్. షెడ్యూల్లో ఆ పావుగంట ఎక్కడా లేదు, విమానం నేలమీదుంటే సంపాదన లేదు కదా. కంపెనీ లెక్క నాకూ అర్థమవుద్ది గానీ, మరీ ఇంత బిగించక్కర్లేదు.

అపోహ: "పైలట్ స్పీడ్ పెంచి కవర్ చేసేస్తాడు"

గంట ప్రయాణంలో మిగిలేది ఏవో కొన్ని నిమిషాలు, అంతే. మీరు అప్పుడప్పుడు ముందే దిగిపోతారే, అది టైమ్‌టేబుల్లో ముందే కాస్త కలిపి వేసుకున్న టైము. పైగా 15 నిమిషాల లోపు లేటు లెక్కల్లో ఆన్ టైమే.

అపోహ: "ఒక స్పేర్ విమానం పెట్టుకోవచ్చుగా"

ఉంటే గింటే కంపెనీ విమానాలుంచుకునే పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఉంటది. ఉన్నా నడిపే క్రూ కావాలి, డ్యూటీ గంటలు దాటితే పైలట్ ఎగరకూడదు, అందుకే రాత్రిపూట గంట లేటన్న ఫ్లైట్ ఒక్కోసారి క్యాన్సిలే అయిపోతుంది.

కుదిరితే పొద్దున మొదటి ఫ్లైటే తీసుకోండి, ముందురోజే రాయగడలో ట్రైనెక్కాలి, తప్పదు. సాయంత్రం ఫ్లైటైతే, విమానాలెక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్‌24 యాప్‌లో మీ విమానం ఏ ఊళ్ళో ఉందో చూడండి, అక్కడే ఇంకా లేవలేదంటే బోర్డు మీద ఆన్ టైమ్ అనున్నా నమ్మకండి. అలాగని ఆలస్యంగా రావద్దు, విమానం లేటైనా చెకిన్ కౌంటర్ పాత టైముకే మూసేసే ఛాన్సుంది.