విడుదల రోజే ఇంట్లో కొత్త సినిమా: అపోహలు – వాస్తవాలు

అపోహ: డబ్బుంటే ఏ సినిమా అయినా ఇంటికొస్తుంది.

వాస్తవం: ఇవ్వాలా వద్దా అన్నది స్టూడియో చేతిలో ఉంటుంది. అమెరికాలో కొత్త సినిమాల్ని ఇంటికే ఇచ్చిన ప్రైమా సినిమా అనే కంపెనీ పెట్టె (ఆడించే యంత్రం) ధర అప్పట్లో 35,000 డాలర్లు, ఒక్కో సినిమాకి 500. 2019 నాటి రెడ్ కార్పెట్ హోమ్ సినిమా అనే ఇలాంటి సర్వీసులో పెట్టె 15,000 డాలర్లు, ఒక్కో సినిమా అద్దె 1,500 నుంచి 3,000. ఆ అద్దెకి 36 గంటల్లో రెండు ఆటలే. ఒప్పందంలో లేని స్టూడియో సినిమా మాత్రం ఎంత కట్టినా రాదు.

అపోహ: ఫైల్ దిగితే బొమ్మ పడ్డట్టే.

వాస్తవం: ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. థియేటర్లకి వెళ్లే డీసీపీనే (డిజిటల్ సినిమా ఫైళ్ల మూట) ఇంట్లో ఆడిస్తుంటే, రెండు గంటల సినిమా 225 జీబీ దాకా ఉండొచ్చు. 100 ఎంబీపీఎస్ లైను నిండుగా పారినా ఐదు గంటలు. ముందురోజే దించుకోండి. దిగినా అది తాళం వేసిన ఫైలే. తెరిచేది కేడీఎం, అంటే విడిగా వచ్చే డిజిటల్ తాళంచెవి. మన ఊళ్లలో "కేడీఎం రాలేదు" అని బెనిఫిట్ షో ఆగేది దీనికోసమే.

కేడీఎం ఒక్క మీడియా బ్లాక్‌కే (ఫైల్ తాళం తీసి బొమ్మ ఆడించే కార్డు), ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకే పనిచేస్తుంది. రిపేరులో బ్లాక్ మారిస్తే పాత కేడీఎం చెల్లదు. కొత్త బ్లాక్ సర్టిఫికెట్ (దాని గుర్తింపు ఫైల్) కేడీఎం ఇచ్చేవాళ్లకి ఆరోజే పంపించాలి. కేడీఎం రాగానే టైమ్ చదవండి: 18:00 పక్కన +05:30 (మన దేశ సమయం) బదులు +00:00 (గ్రీనిచ్ సమయం) ఉంటే, హైదరాబాద్‌లో తాళం తెరుచుకునేది రాత్రి 11:30కి. సినిమా ఆడించే సర్వర్ గడియారం తప్పినా ఇదే గొడవ. దాన్ని ఏడాది మొత్తంలో ఆరు నిమిషాలకి మించి సరిచేయనివ్వరు. ఇక, దుమ్ము తుడుద్దామని ఆట రోజు ప్రొజెక్టర్ మూత తీయకండి. మ్యారేజ్ (ప్రొజెక్టర్‌కీ మీడియా బ్లాక్‌కీ వేసిన భద్రతా ముడి) తెగిపోవచ్చు, తెగితే టెక్నీషియన్ వచ్చి మళ్లీ కలిపేదాకా బొమ్మ రాదు.

అపోహ: ఇంట్లో ఫోన్‌తో తీస్తే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: తెలుస్తుంది. బొమ్మలోనూ శబ్దంలోనూ కంటికీ చెవికీ అందని వాటర్‌మార్క్ ఉంటుంది. ఏ యంత్రంలో, ఎప్పుడు ఆడిందో ప్రతి ఐదు నిమిషాల ముక్కలోనూ నమోదవుతుంది. అతిథుల ఫోన్లు గది బయటే పెట్టించండి. ఇందులో మొహమాటం వద్దు, జవాబు చెప్పాల్సింది ఇంటాయనే.

అపోహ: వెలుగు ఎంత పెంచితే బొమ్మ అంత బాగుంటుంది.

వాస్తవం: మామూలు డీసీపీకి తెర మధ్యలో 48 నిట్స్ (వెలుగు కొలత) చాలు. దీపాలన్నీ ఆర్పి, కూర్చునే చోటు నుంచి మీటర్‌తో కొలవండి. అంతకన్నా పెంచితే చీకటి సీన్లలో నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది.