సున్నా పోయింది, ఒకటి పోయింది: సీమ మిద్దెలు, భూకంపాల లెక్క

పత్తికొండ వైపు ఏ పల్లెలోనైనా పాత మట్టిమిద్దె పడగొడుతుంటే కాసేపు నిలబడి చూడండి. గోడ రెండడుగుల మందం ఉంటుంది, చూడ్డానికి కోటగోడే. గడ్డపార దిగాక అసలు సంగతి బయటపడుతుంది. బయటికి ఒక వరుస రాళ్ళు, లోపలికి ఒక వరుస, నడుమ మట్టి, చిల్లర రాళ్ళు. ఆ రెండు వరుసల్నీ కలిపి పట్టే పొడుగు రాయి చాలా గోడల్లో కనిపించదు. వీటి నెత్తిన దూలాలు, దంతెలు, ఆపైన మట్టి. కారకుండా వానలకు ముందు చౌడుమట్టి పోస్తారు. పాతది ఎవరూ తీయరు, దానిమీదే కొత్తది పడుతుంది. తాత కట్టిన కప్పు మనవడి కాలానికి ఎంత బరువెక్కిందో ఎవరూ తూచి చూడలేదు.

'మనకు భూకంపాల టెన్షన్ లేదులే' అని సీమలో అందరూ అనుకునే మాట. ఆ మాట ఉత్తదేం కాదు, మ్యాపులూ అదే చెప్పాయి. కానీ ఆ మ్యాపుల చరిత్ర చూస్తే నాకు అంత ధీమా కలగదు.

కట్టడాలు భూకంపాన్ని తట్టుకునేలా ఎలా కట్టాలో చెప్పే ప్రమాణం దేశానికి 1962లో వచ్చింది. ఆ మొదటి మ్యాపులో 'సున్నా' జోన్ కూడా ఉండేది, అంటే భయమే లేని నేల అని. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయ్నా కంపించింది. 1970లో మ్యాపు మార్చి సున్నాను తీసేశారు. అప్పటికి ఒకటో జోన్ అన్నిటికంటే నెమ్మదైనది. 1993 సెప్టెంబరు 30న, వినాయక నిమజ్జనం ముగిసిన తెల్లవారుజామున, లాతూరు జిల్లా కిల్లారి ఆ ఒకటో జోన్‌లోనే నేలమట్టమైంది. దాదాపు 10 వేల మంది పోయారు. 2002లో ఒకటో జోన్‌నూ ఎత్తేసి రెండులో కలిపారు. ఆ 2002 మ్యాపులో కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతం ఎక్కువగా రెండో జోన్‌లోదే. మనకు దగ్గర్లోనూ నేల కదలకపోలేదు. 1843 ఏప్రిల్‌లో బళ్ళారిలో భూకంపం వచ్చింది. అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాదు, 1882లో బళ్ళారి నుంచే విడదీశారు.

కిల్లారిలో తీవ్రత 6కు కాస్త పైన. అంతమంది పోవడానికి కారణం కంపనం ఒక్కటే అనలేం. అక్కడివీ మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, పైన మందంగా మట్టి కప్పు. గోడల్లో రెండు వరుసలూ విడిపోయి చెరో పక్కకు పడ్డాయి, కప్పు నిద్రలో ఉన్నవాళ్ళ మీదికి దిగింది. కర్నూలు నుంచి ఆ ఊరు 300 కిలోమీటర్ల లోపే.

కిల్లారి తర్వాతే ఇళ్ళ బలహీనతను లెక్కగట్టే పని గట్టిగా మొదలైంది. 1997లో కేంద్రం జిల్లాలవారీగా ముప్పు అట్లాస్ తెచ్చింది, 2006లో, 2019లో దాన్ని సవరించారు. దానికి ఆధారం జనగణన: గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు. మట్టి, పచ్చి ఇటుక, గండరాతి (చెక్కని రాళ్ళ) ఇళ్ళు ఎక్కువ బలహీనమైన తరగతి, కాల్చిన ఇటుకవి నడిమివి, కాంక్రీటువి గట్టివి. 2011 జనగణన రాతిగోడల్ని సున్నమో సిమెంటో పెట్టి కట్టినవి, పెట్టనివి అని విడదీసింది, అంతవరకు మేలే. గోడ ఉబ్బిందా, పొడుగు రాయి ఉందా, 2009 అక్టోబరు వరదలో కర్నూలు పాతబస్తీలో నానిన గోడేనా అన్నది మాత్రం ఇంటికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. మట్టి కప్పు తీసేసి అవే పాత గోడల మీద స్లాబు వేసిన ఇళ్ళు సీమలో వీధికొకటి ఉంటాయి. 'కాంక్రీటు' అని రాసుకుంటే కప్పు గట్టిదే, గోడ సంగతి ఆ మాటలో దాగిపోతుంది. టౌన్లలో కింద పార్కింగుకు ఉత్త పిల్లర్లు వదిలి పైన గోడలతో అంతస్తులేసిన అపార్టుమెంట్లది వేరే కథ. 2001 గుజరాత్ భూకంపంలో భుజ్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో అలాంటివే కూలాయి.

గండరాతి ఇళ్ళకు 1993లోనే ఒక ప్రమాణం వచ్చింది. ఎత్తులో ప్రతి రెండడుగులకు, పొడవులో నాలుగడుగుల లోపు గోడ మందమంతా పట్టే రాయి పెట్టాలి. తలుపుల పైన గోడ చుట్టూ విడవకుండా పట్టీ తిప్పాలి. కట్టేసిన గోడకైతే అక్కడక్కడా రాళ్ళు తీసి ఆరపార బొక్క చేసి, కొక్కెం కమ్మీ పెట్టి కాంక్రీటుతో నింపుతారు. లాతూరు వైపు అలా చేశారు. మన మేస్త్రీకి ఇదే చెప్పి చూడండి, 'నిలబడిన గోడకు బొక్కలు పెట్టమంటావేందన్నా?' అంటాడు.