క్యాంపుకు పోయే పిల్లలకు

మూలాపేట,
నెల్లూరు.

అమ్మాయీ, నీకూ నీతో వచ్చే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

ఏడు రోజుల ఎన్.ఎస్.ఎస్. సేవా క్యాంపు, అదీ పెన్న ఒడ్డు ఊళ్లో అని మీ నాన్న చెప్పాడు. సంతోషం. కానీ నిన్న ఫోన్లో నువ్వన్న మాట నచ్చలేదు. ‘మా అయిదుగురినీ ఒకే జట్టులో వేయమని సార్‌ని అడిగాం’ అన్నావు. అడగొద్దు. స్నేహితులంతా ఒకచోట చేరితే కబుర్లు బాగా సాగుతాయి, పార గోడకే ఆనుకొని ఉంటుంది.

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నువ్వు హైస్కూల్లో ఉన్నావు. సోమశిల డ్యాం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. వరద తీశాక కోవూరు వైపు ఇళ్లలో ఒండ్రు ఎత్తిపోయడానికి మా వీధివాళ్లం కొందరం వెళ్లాం. ఒండ్రు తడి మీదే తీయాలి, ఎండితే గడ్డపారకూ లొంగదు. ఆ తొందరలో ఎవరి తట్ట వాళ్లు నింపుకొని మోయబోయాం. ఇరుకు నడవలో వచ్చేవాడూ పోయేవాడూ గుద్దుకోవడం, జారడం, కసురుకోవడం. ఆ ఇంటి పెద్దామె చూసి చూసి, “ఏందయ్యా ఈ తిరనాళ్ల? వరసన నిలబడి అందించుకోండి” అనింది.

నిలబడ్డాం. అక్కడా ఒక చిక్కుంది. కండగలవాడు తన జోరు చూపిస్తే పక్కవాడి కాళ్ల దగ్గర తట్టలు పేరుకుంటాయి. అందుకని నీరసంగా ఉన్నవాళ్లకు అటూఇటూ గట్టివాళ్లను పెట్టి, తట్ట సగమే నింపాం. సగం తట్టలతోనే ఇల్లు తొందరగా ఖాళీ అయింది.

బావిలో బ్లీచింగ్ వేసే పని మీకూ పడొచ్చు. పొడిని నేరుగా గుమ్మరించకూడదు. బకెట్లో కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, ఆపైన నీళ్లు నింపి కలియబెట్టి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగాలి. పైతేటను ఇంకో బకెట్లోకి వంచుకొని బావిలోకి దించి, చేద పైకీ కిందికీ ఆడించాలి. తర్వాత కనీసం గంటసేపు ఎవరూ తోడకూడదు. ఆ గంటా ఒకరు గట్టు మీద కూర్చొని, బిందెతో వచ్చిన ప్రతి అమ్మకూ నచ్చజెప్పాలి. ఆ పిల్ల ఫొటోలో పడదు, రిపోర్టులో పేరూ రాదు. ఆమె లేచిపోతే మాత్రం మిగతావాళ్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. సార్‌ని అడగాలనుకుంటే ఆ పని అడుగు.

వంటజట్టును చులకన చేయొద్దు. టిఫిను ఆలస్యమైతే ఎండెక్కాక పనిలోకి దిగాలి మరి. (చేపల పులుసు మీద ఆశ పెట్టుకోకండి, క్యాంపుల్లో సాంబారే.)

ఊరివాళ్లను తప్పకుండా కలుపుకోండి. ఏ కాలువ ఎటు వాలుతుందో మీ సార్ కంటే అక్కడ గొర్రెలు కాసేవాడికి బాగా తెలుసు. ‘మీరు కూర్చోండి, మేం చేస్తాం’ అనడం మర్యాదగానే ఉంటుంది గానీ, మీరు బస్సెక్కిన మర్నాటినుంచీ ఆ కాలువను పట్టించుకునే దిక్కుండదు.

ఆదివారం మీ నాన్న అటు వస్తున్నాడు. అవ్వ చేసిన మురుకుల డబ్బా పంపిస్తా. నీ పాత నేస్తాలకు ఇంటికొచ్చాక పెట్టొచ్చు, ముందు నీ జట్టువాళ్లకు పెట్టు.

మీ తాత