అంతర సూది వేయించుకుంటే ‘చెడు రక్తం’ లోపలే నిలిచిపోతుందా?

కనిగిరి, పామూరు వైపు నుంచి మా ఓపీకి వచ్చేవారిలో, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర సూదిని ఒకటి రెండు డోసులతోనే మానేసిన స్త్రీలను కారణం అడిగితే, దాదాపు అందరూ చెప్పేది ఒకటే: "నెల రావడం లేదు మేడం, చెడు రక్తమంతా లోపలే నిలిచిపోతుందంట." ఆ ‘అంట’ ఎవరిదో ఎవరికీ తెలియదు గానీ, దాని వల్ల అక్కర్లేని కాన్పుల పాలైనవారిని నేను చాలామందినే చూశాను.

గర్భసంచి లోపలి పొర ప్రతి నెలా మందంగా పెరిగి, గర్భం నిలవనప్పుడు రాలి బయటకు రావడమే నెలసరి. అంతరలోని హార్మోన్ అండం విడుదలను ఆపడమే కాక ఆ పొరను పెరగనివ్వదు. రాలడానికి పొరే లేనప్పుడు లోపల నిలవడానికి రక్తం ఎక్కడిది? ఏడాది వాడినవారిలో సుమారు సగం మందికి నెలసరి ఆగిపోతుంది. మొదటి నెలల్లో అడపాదడపా మరకలు కనిపించడమూ మామూలే.

ఒకసారి ఒక అత్తగారు కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. నెల రప్పించడానికి రోజూ నువ్వులు, బెల్లం దంచి పెట్టినా ఫలితం లేదని ఆమె బాధ. సూది మానేసి ఏడాది కావస్తున్నా ఆ మందు ఇంకా ఒంట్లోనే ఉందని ఇద్దరూ నమ్మారు. స్కానింగ్ తెరను వారి వైపు తిప్పి చూపించాను: నాలుగో నెల బిడ్డ కాళ్లు ఆడిస్తోంది. కోడలు ఏడ్చింది. ఆమెను తప్పుపట్టలేం, భయపెట్టినవారు వేరే ఉన్నారు. మూడు నెలలకు వేయించుకోవాల్సిన డోసు నాలుగు వారాలకు మించి ఆలస్యమైతే ముందుగా గర్భ పరీక్ష చేయించుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక సంతానం కలగదన్న భయం నిరాధారం. గర్భనిరోధక మాత్రలైతే ఆపిన కొద్ది నెలల్లోనే గర్భం రావచ్చు. అంతర అయితే చివరి సూది తరువాత సగటున పది నెలలు పట్టవచ్చు, అది ఆలస్యమే తప్ప గొడ్రాలితనం కాదు.

రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం గురించిన ఆందోళనలో మాత్రం కొంత నిజముంది. అయితే అది ఈస్ట్రోజన్ అనే హార్మోన్ కలిసిన మాలా-ఎన్ వంటి మాత్రలకు సంబంధించినది. ఆ ముప్పు కూడా గర్భిణిగా, బాలింతగా ఉన్నప్పటి ముప్పు కంటే తక్కువే. అధిక రక్తపోటు లేదా కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టినవారు, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిస్తున్నవారు ఆ మాత్రలను వాడరాదు. మాత్రలు అడిగిన ప్రతి ఒక్కరి చేతికీ ముందు బీపీ పట్టీ చుట్టేది అందుకే.