కడప ఎండలో నీలి వాండా

వాండా అనే ఆర్కిడ్ మొక్క కొనుక్కొచ్చినవాళ్ళు చాలామంది మొదట దానికో కుండీ వెతుకుతారు. ఎర్రమన్నులో కాస్త పశువుల ఎరువు కలిపి నింపుతారు, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తారు. రెండు నెలలు తిరక్కుండానే వేళ్ళు కుళ్ళి, కింది ఆకులు ఒక్కొక్కటే పండి రాలిపోతాయి. "కడప ఎండకు ఇట్లాంటివి బతుకుతాయా?" అని ఇరుగుపొరుగు తీర్పు చెప్పేస్తారు. కానీ ఆ మొక్క ఎండకు చావలేదు. మన్నులో వేళ్ళకు ఊపిరాడక చచ్చింది.

వాండాలు చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే ఆర్కిడ్లు. కొమ్మ నుంచి రసం పీల్చవు. మామిడిచెట్లను పీడించే బదనిక జాతి వేరు, ఇవి వేరు. చెట్టు వీటికి నిలబడే చోటు ఇస్తుంది, అంతే. తిండి వాన నీటితో, బెరడు మీద చేరే దుమ్ముతో, కుళ్ళిన ఆకుల పొడితో వస్తుంది. వేళ్ళు సగం గాలిలోనే వేలాడుతుంటాయి.

వీటిలో అందరూ కోరుకునేది నీలి వాండా, వాండా కోరూలియా. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో, బర్మాలో, ఉత్తర థాయిలాండ్‌లో దాదాపు 800 నుంచి 1700 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. 1850లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ మేఘాలయలోని ఖాసీ కొండల్లో దీన్ని గుంపులు గుంపులుగా చూశాడు. లండన్ క్యూ తోట కోసం ఏడుగురు కూలీలు మోసేంత ఏరించాడు. వాటిలో ప్రాణాలతో ఇంగ్లండ్ చేరినవి కొన్నే. ఆయన రాసిపెట్టిన ఒక సంగతి మాత్రం నేటికీ పనికొస్తుంది: ఈ మొక్కలు గాలీ వెలుతురూ ధారాళంగా తగిలే చెట్ల మీద, చలికాలపు పొడి చలిలో హాయిగా పెరుగుతుంటే, ఇంగ్లండ్ తోటమాలులు వాటిని ఉక్కపోసే గాజు గదుల్లో పెట్టి చంపుతున్నారని. మనం ఎర్రమన్నుతో చేసేదీ ఆ పనే.

అలా ఏరి ఏరి అడవిలో అరుదైపోయింది కాబట్టే చట్టం అడ్డుపడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 1991 సవరణతో తొలిసారి చేరిన ఆరు రకాల మొక్కల్లో నీలి వాండా ఒకటి. అదే జాబితాలో మన తిరుపతి–కడప కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమై కూడా ఉంది. నర్సరీల్లో నీలి వాండా పేరుతో అమ్మేవి చాలావరకు సంకర జాతులు. వాటికి పెద్దదిక్కు 1931లో నమోదైన రోత్‌షీల్డియానా. అందులో ఒక తల్లి నీలి వాండా, రెండోది ఫిలిప్పీన్స్‌లోని వేడి చోట్ల పెరిగే వాండా శాండరియానా. కడపలో పెంచాలంటే నా ఓటు ఈ సంకరాలకే. అసలు నీలి వాండాకు రాత్రి చల్లదనం కావాలి, సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తు కూడా లేని కడప మే నెలలో దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? 600 మీటర్లు దాటిన హిందూపురం, మడకశిర వైపువాళ్ళు కావాలంటే ప్రయత్నించవచ్చు.

పెంచే పద్ధతంతా వేరు దగ్గరే ఉంది. ఎండిన వాండా వేరు వెండిలా తెల్లగా ఉంటుంది. దాని మీద నీళ్ళు చల్లితే చూస్తుండగానే పచ్చబడుతుంది. వేరుకు పైన చచ్చిపోయిన కణాల పొరలు కొన్ని ఉంటాయి, వాటిని వెలమెన్ అంటారు. ఎండినప్పుడు ఆ కణాల నిండా గాలి, అందుకే ఆ తెలుపు. నీరు నిండగానే పొర పారదర్శకమై, లోపలి పత్రహరితం బయటికి కనిపిస్తుంది. అవును, ఈ వేళ్ళు ఆకుల్లాగే వెలుతురుతో ఆహారం కూడా తయారుచేసుకుంటాయి. మన్నులో పూడ్చితే ఆ పనీ ఆగిపోతుంది.

వెలమెన్ ఎందుకంత తొందరగా తాగుతుంది? వాన మొదలైన తొలి నిమిషాల్లో ఆకుల మీద, కొమ్మల మీద పేరుకున్న దుమ్మూ లవణాలూ కడుక్కుని దిగే నీటిలోనే పోషకాలు ఎక్కువ. ఆ తర్వాత కురిసేది దాదాపు ఉత్త నీరు. మొదటి నీటిని పట్టేసి, అందులోని పోషకాలను వదలకుండా ఉంచుకోవడం ఆ పొర పని. కొమ్మ మీద బతికే మొక్కకు అదొక వరం. మన బోరు నీళ్ళకు వచ్చేసరికి ఆ వరమే శాపం. సీమలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళు ఉప్పదనం, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళు. పోసిన ప్రతిసారీ నీరు ఆవిరైపోతుంది, ఉప్పు వేరులోనే మిగులుతుంది. కొన్ని వారాలకు వేరు కొసలు నల్లబడి మాడిపోతాయి. చూసినవాళ్ళు నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు! వాన నీరు పట్టి దాచుకోవడం అన్నిటికన్నా మేలు. లేదంటే శుద్ధి చేసిన క్యాన్ నీళ్ళు వాడాలి. ఒకటి రెండు మొక్కలకు అదేం పెద్ద ఖర్చు కాదు. ఎరువు కూడా అంతే పలచగా ఉండాలి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 20-20-20 ఎరువు లీటరు నీటికి అర గ్రాము చొప్పున వారానికోసారి చాలు, మధ్యలో ఉత్త నీటితో వేళ్ళను బాగా కడగాలి.

ఇక గాలి సంగతి. 40 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 51 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టగలదు. తేమ 20 శాతమే ఉన్న మధ్యాహ్నం అందులో ఉండేది పది గ్రాములు, ఇంకో 41 గ్రాములకు చోటుంటుంది. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న సముద్రతీరపు ఊళ్ళో మిగిలే చోటు ఎనిమిదిన్నర గ్రాములే. అంటే మన గాలి దాదాపు అయిదు రెట్ల దాహంతో ఉంటుంది. అక్కడ సగం పూట తడిగా ఉండే వేరు ఇక్కడ చాలా త్వరగా తెల్లబడిపోతుంది. కాబట్టి నీళ్ళు ఇంకా ఇంకా పోయడం కన్నా, తడి ఆరే వేగం తగ్గించడం తెలివి. వేళ్ళ మధ్య కొబ్బరి పీచు కొంచెం వదులుగా చుట్టవచ్చు. బొగ్గు, ఇటుక ముక్కలు వేసిన చెక్క బుట్టలో కూర్చోబెట్టవచ్చు. పడమటి గాలి నేరుగా కొట్టకుండా గోడ చాటున, తూర్పు వెలుతురు పడేచోట వేలాడదీయాలి. ఎండాకాలంలో తెల్లవారుజామున వేళ్ళను పదిహేను నిమిషాలు బకెట్లో ముంచితే అవి నిండుగా తాగుతాయి. రోహిణి కార్తెలో సాయంత్రం కూడా వేళ్ళ మీద చల్లాలి.

సాయంత్రం అనడానికి ఇంకో కారణం ఉంది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి. పొడి గాలిలో అలా తెరిస్తే నీళ్ళన్నీ పోతాయి. వాండా ఆ పని రాత్రికి పెట్టుకుంటుంది. రాత్రి తీసుకున్న వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని వెలుతురులో వాడుకుంటుంది. అనంతపురం చేలగట్ల మీది నాగజెముడుదీ, మన పెరట్లో రణపాలదీ ఇదే పద్ధతి. దీని జాడ తొలిసారి పట్టినవాళ్ళలో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైనే ఒకడు. అంతకుముందు సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసిన ఆయన, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి చేదుగా ఉంటుందని 1813లో ఉత్తరం రాశాడు. నోటికి తగిలిన రుచితోనే ఒక జీవరసాయన రహస్యం అంచు పట్టుకున్నాడు. నమ్మకం కుదరకపోతే రణపాల ఆకు తెల్లవారి ఓ చిన్న ముక్క, మిట్టమధ్యాహ్నం ఓ ముక్క నమిలి ఉమ్మేయండి.

అంటే మే నెలలో ఈ మొక్కను దెబ్బతీసేది మధ్యాహ్నపు 42 డిగ్రీలకన్నా రాత్రి పదింటికీ తగ్గని వేడే. రాత్రి చల్లబడకపోతే ఆమ్లం సరిగా చేరదు, గాలి మరీ పొడిగా ఉంటే రంధ్రాలు సరిగా తెరుచుకోవు. ఇక్కడ మన వాతావరణమే ఒక సాయం చేస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు ఆవిరై అంత బాగా చల్లబరుస్తుంది. వసారాలో పరిచిన నల్లటి కడప బండ పగలంతా వేడి తాగి, రాత్రి పొద్దుపోయేదాకా కక్కుతూనే ఉంటుంది. పొద్దు కుంకగానే దాన్ని బాగా తడిపితే వేడి దిగుతుంది, సరిగ్గా మొక్క ఊపిరి తీసుకునే వేళకు చుట్టూ తేమ చేరుతుంది. పక్కన తడి గోనెపట్టలు కట్టినా, నాలుగు చేమ మొక్కలు పెట్టినా మంచిదే. ఆ వైపుకు కూలర్ తిప్పిపెట్టే స్తోమత, కరెంటు బిల్లు భరించే ఓపిక ఉంటే ఇంకా మంచిది.

మొదటిసారి పెంచేవాళ్ళకు నా సలహా వేరే ఉంది. సీమ కొండల అడవుల్లోనే వాండా టెస్సెల్లేటా అనే మన సొంత వాండా ఉంది. దీన్ని వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల మధ్య వర్ణించాడు. 1820లో వాండా అనే ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) ఏర్పరచింది కూడా ఈ మొక్కతోనే. ఆకుపచ్చా గోధుమా కలిసిన గళ్ళ రేకులు, నీలి ఊదా పెదవి, చక్కటి వాసన. ఆకురాల్చే చెట్ల మీద పెరుగుతుంది కాబట్టి నడివేసవి వెలుతురు, నెలల తరబడి వాన లేకపోవడం దీనికి కొత్త కాదు. సన్నగా, నిలువునా మడిచినట్టుండే ఆకుల్లోనే ఆ అలవాటు కనిపిస్తుంది. అడవి నుంచి పీకి తేవద్దు, ల్యాబులో పెంచినవే అడిగి కొనండి. ఆర్కిడ్ విత్తనం దుమ్మంత ఉంటుంది, లోపల తిండి ఉండదు. అడవిలో తగిన బూజు తోడు దొరికితేనే మొలుస్తుంది. 1922లో అమెరికా వృక్షశాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన జెల్లీ మీద ఆ తోడు లేకుండానే మొలిపించాక, అడవిని ఖాళీ చేయాల్సిన అవసరం తీరిపోయింది. చెట్టుకు కట్టాలంటే మామిడి, చింత వంటి గరుకు బెరడువి ఎంచుకోండి. జామ బెరడు పొట్టు ఊడుతుంది, వేళ్ళకు పట్టు దొరకదు.

వెలుతురు చాలిందా లేదా అన్నది ఆకు రంగే చెబుతుంది. ముదురు పచ్చగా నిగనిగలాడితే నీడ ఎక్కువైందని అర్థం, పూలు రావు. లేత పచ్చ సరైన రంగు. ఎర్రటి మచ్చలు వస్తే ఎండ కాస్త ఎక్కువైంది. ఫిబ్రవరి నుంచి 50 శాతం షేడ్ నెట్ కట్టి, ఏప్రిల్‌లో ఇంకో వరస వేయాలి.

ఎండాకాలం గట్టెక్కిందని నిశ్చింతగా ఉన్నవాళ్ళ మొక్కలు అక్టోబర్, నవంబర్లలో పోతుంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కడపలో రోజుల తరబడి ముసురు. వేళ్ళు ఆరవు, నడిమధ్య ఆకుల మొదళ్ళలో నీరు నిలిచి మొవ్వు కుళ్ళుతుంది. వాండాకు పెరిగే కొస అదొక్కటే. అది పోతే, కింద పక్క పిలక పుడితే తప్ప మొక్క దక్కదు. ముసురు పట్టగానే చూరు కిందికి మార్చండి, నడిమధ్య నిలిచిన నీటిని దూదితో అద్దేయండి, వేళ్ళు మళ్ళీ వెండి రంగుకు వచ్చేదాకా ఒక్క చుక్క కూడా పోయవద్దు. అప్పటికే వేసవిలో చుట్టిన కొబ్బరి పీచు ఉంటే తీసేయండి.