సూర్యుడా, మనిషా: భూతాపంపై పాత వాదం

ఎండలు ముదిరిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇందులో మనిషి చేసిందేముంది?" అడగాల్సిన ప్రశ్నే. శాస్త్రవేత్తలు కూడా మొదట అడిగింది అదే. సహజ కారణాలను వాళ్లు పట్టించుకోలేదన్న ప్రచారం మాత్రం చరిత్రకు పూర్తిగా విరుద్ధం.

అసలు ఈ శాస్త్రం ఎదిగిందే సహజ మార్పుల వెంట పడి. ఉత్తర యూరప్‌ను ఒకప్పుడు మంచు కప్పేసిందని 19వ శతాబ్దంలో తేలాక, అది ఎందుకు వచ్చింది, ఎందుకు కరిగింది అన్నది పెద్ద చిక్కుముడి అయింది. స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లో ఆ ముడి విప్పడానికే లెక్కలు వేశారు. గాలిలో వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని తేల్చారు.

నాలుగేళ్లకే ఆయన దేశం వాడే అయిన ఆంగ్‌స్ట్రామ్ కాదన్నారు. గొట్టంలో ఆ వాయువు నింపి, దాని గుండా వేడిని పంపించి చూస్తే, వాయువు తగ్గించినా ఫలితం పెద్దగా మారలేదు. పీల్చగలిగిన వేడినంతా ఉన్న వాయువే పీల్చేస్తోంది, ఇంకా కలిపినా ఒరిగేదేమీ లేదన్నారు. దాదాపు యాభై ఏళ్లు ఈ మాటే చెల్లింది. కానీ గాలి ఒకే పొర కాదు. పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది, తేమ తగ్గిపోతుంది. భూమి వేడి చివరికి అంతరిక్షంలోకి పోయేది ఆ పై పొరల నుంచే. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వేడి బయటపడే ఎత్తు ఇంకా పైకి, మరింత చల్లని చోటికి జరుగుతుంది. చల్లని చోటి నుంచి పోయే వేడి తక్కువ, కింద మిగిలేది ఎక్కువ. 1956లో గిల్బర్ట్ ప్లాస్ కంప్యూటర్ లెక్కలతో దీన్ని తేటతెల్లం చేశారు.

ఈలోగా 1938లో క్యాలెండర్ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజినీరు ప్రపంచం నలుమూలల ఉష్ణోగ్రతల రికార్డులు పోగేసి, భూమి అప్పటికే వేడెక్కుతోందని లండన్‌లో వాతావరణ శాస్త్రవేత్తల ముందు పెట్టారు. వాళ్లు నమ్మలేదు. ఆయన కూడా ఆ వేడి మేలే చేస్తుందని, మంచుయుగం మళ్లీ రాకుండా ఆపుతుందని అనుకున్నారు. ఎవరినో భయపెట్టడానికి పుట్టించిన సిద్ధాంతం ఇది కాదనడానికి ఇంతకన్నా ఆధారం ఏం కావాలి!

1958లో కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండపై కొలతలు మొదలుపెట్టినప్పుడు, గాలిలోని పది లక్షల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్‌వి 315 దాకా ఉండేవి. ఇప్పుడు 420 దాటాయి. అగ్నిపర్వతాల నుంచి వచ్చింది కాదా? కాదు. అవి ఏటా వదిలేది మనం వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. పైగా బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల నాటివి కాబట్టి వాటిలో కాలంతోపాటు క్షీణించిపోయే కార్బన్-14 అనే రకం కార్బన్ మిగలదు. గాలిలో దాని పాలు పల్చబడుతోందని 1955లోనే హన్స్ సూస్ చెట్ల వలయాల్లో చూపారు.

మరి భూకక్ష్య మార్పులు? మంచుయుగాల రాకపోకలను నడిపింది అవేనని సెర్బియాకు చెందిన మిలాంకోవిచ్ చెప్పినదానికి 1976లో సముద్రగర్భపు మట్టి సాక్ష్యమిచ్చింది. అయితే ఆ చక్రాలు వేల ఏళ్లలో తిరిగేవి, ఒక శతాబ్దపు వేడిని వివరించలేవు. ఇక సూర్యుడు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుణ్ణి కొలుస్తూనే ఉన్నాయి, వెలుగులో పెరుగుదల లేదు. సూర్యుడే కారణమైతే వాతావరణం కింద, పైన కూడా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు: కింద వేడి, పైన స్ట్రాటోస్ఫియర్‌లో చల్లదనం. అందులో ఓజోన్ తరుగుదల పాత్రా ఉంది. అయినా ఈ తేడాను మనాబే, వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టి చెప్పారు. నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదే.

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ కూడా తొందరపడలేదు. 1990లో అప్పటిదాకా పెరిగిన వేడి చాలావరకు సహజమైనదీ కావచ్చని రాసింది. మనిషి ప్రభావంలో సందేహం లేదని 2021లో గానీ అనలేదు.

మన దేశంలో ఈ వాదం హిమాలయాల మీద రేగింది. అక్కడి హిమానీనదాలు 2035కల్లా కరిగిపోవచ్చని 2007 నివేదికలో దొర్లిన తప్పును ఐపీసీసీ 2010లో ఒప్పుకుంది. అంతకు కాస్త ముందే, 2009లో, అవి అసాధారణంగా కరగడం లేదంటూ కేంద్ర పర్యావరణ శాఖ ఒక చర్చాపత్రం వెలువరించింది. తేదీ తప్పైనంత మాత్రాన మంచు నిలబడలేదు. పాత గూఢచారి ఉపగ్రహాల ఫొటోలతో పోల్చి చూసిన 2019 పరిశోధనలో, 2000 తర్వాత అక్కడ మంచు కోల్పోయే వేగం అంతకుముందు పాతికేళ్లకన్నా రెట్టింపైందని తేలింది.